వంతు ఆలస్యమైనా ఫరవాలేదు, వంతంటూ ఉండాలి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమ్మా, డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడడానికి చాలామంది ఉన్నారు. మీరు ఏదైనా కొత్త విషయం చెప్పండి" అన్నారు. సరేనన్నాను. నేను ఎంచుకున్నది కొత్త విషయమే. కాని వింటున్నకొద్దీ ఇది మన పాత విషయమేనని మీకే అనిపిస్తుంది. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో స్విచ్చి అనే పరికరం ఒకటి ఉంటుంది. ఒకేసారి వచ్చి మీదపడిన సమాచారంలో దేన్ని ముందు పంపాలి, దేన్ని కాసేపు ఆపాలి అన్నది అది ఎలా తేల్చుకుంటుందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

ఇది నాకు చెప్పినవాడు మా అమ్మాయి కొడుకు. బెంగళూరులో నెట్‌వర్కు ఇంజనీరు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక రాత్రి పన్నెండు గంటలకు కూడా వాడు కంప్యూటరు ముందు కూర్చుని ఉంటే, ఏం చేస్తున్నావురా అని అడిగాను. "క్యూలు సరిచేస్తున్నాను అమ్మమ్మా. ఒక ఆఫీసులో పెద్ద పెద్ద ఫైళ్ళు కాపీ అవుతున్నప్పుడల్లా ఫోనులో మాటలు తెగిపోతున్నాయిట" అన్నాడు. క్యూలు సరిచేయడమేమిటని అడిగితే గంటసేపు చెప్పాడు. అంతా విని, "ఒరే, ఇదంతా నేను 1977లో చేసిన పనేరా" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకో చెబుతాను.

నేను 1974లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. కోస్తాలో ఒక ఊళ్ళో ట్రంకు బోర్డు మీద పని. 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకునేవాళ్ళ వివరాలు చీటీ మీద రాయడం, ఆ చీటీలను వరుసలో పేర్చడం, సర్క్యూటు ఖాళీ కాగానే పై చీటీ తీసి కలపడం, మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్" అని హెచ్చరించడం మీలో చాలామందికి తెలిసిన పనే. పిల్లల కోసం ఒక్కమాట చెప్పాలి. ఆ రోజుల్లో కాల్స్‌లో ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని తరగతులుండేవి. అర్జెంటుకు ఆర్డినరీకి రెట్టింపు చార్జీ. లైట్నింగు చార్జీ అంతకు ఎన్నో రెట్లు. లైట్నింగు చీటీ వస్తే అన్నిటికంటే ముందు అదే. తర్వాత అర్జెంట్లు. అవన్నీ అయ్యాకే ఆర్డినరీ.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసిన సంగతి ఈ హాలులో ఎవరికీ గుర్తుచేయక్కరలేదు. వేలమంది పోయారు. మా ఎక్స్చేంజిలో లైన్లు చాలావరకు దెబ్బతిన్నాయి. మిగిలిన కొద్దిపాటి సర్క్యూట్ల మీదనే సహాయ కార్యక్రమాల కాల్స్, అధికారుల కాల్స్, ఆసుపత్రుల కాల్స్, బియ్యం కోసం, మందుల కోసం కాల్స్ అన్నీ నడవాలి. వాటిని ముందు కలపడం న్యాయం. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

ఆ రెండో రోజో మూడో రోజో ఒక పెద్దాయన వచ్చాడు. పంచె మోకాళ్ళదాకా బురద. కొడుకు భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్నాడు. క్వార్టర్ల దగ్గర ఎవరిదో ఫోన్ నెంబరు కాగితం మీద రాసుకుని తెచ్చాడు. పి.పి. కాల్, ఆర్డినరీ. ఆయన చెప్పాల్సిన మాట ఒక్కటే: మేము బతికే ఉన్నాం. అర్జెంటు చేయించుకోండి తాతగారూ అన్నాను. అంత డబ్బు లేదన్నాడు.

ఆ రోజు ఆయన చీటీ పైకి రాలేదు. మర్నాడూ రాలేదు. దానిమీదికి అర్జెంటు చీటీలు వస్తూనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే వాటిలో అన్నీ అర్జెంటు పనులు కావు. సరుకు ధర కనుక్కునేవాళ్ళు, పెళ్ళి వాయిదా పడిందని చెప్పేవాళ్ళు, పెద్దవాళ్ళ పేరు చెప్పి ముందుకు తోయించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన మాత్రం గోడవారన కూర్చుని ఉన్నాడు. రెండో రోజు సాయంత్రం నా డ్యూటీ దిగే వేళకు లేచి వచ్చి, కోపం లేకుండా అడిగాడు: "అమ్మా, నా వంతు ఇంకా రాలేదా, నాకసలు వంతే లేదా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. మూడో రోజు మధ్యాహ్నం కాస్త సందు దొరికి కలిపాను. అవతలివాళ్ళు చెప్పారు, ఆ అబ్బాయి ముందురోజే రైలెక్కాడని. తల్లీతండ్రీ పోయారనే అనుకుని బయలుదేరాడట. ఇంటికి చేరి వాళ్ళను చూసుకునే ఉంటాడు, సంతోషించే ఉంటాడు. కాని ఆ రైలు ప్రయాణమంతా అతను ఏ స్థితిలో కూర్చుని ఉంటాడో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. మూడు నిమిషాల మాటకు మూడు రోజులు పట్టింది.

ఇక స్విచ్చి సంగతికి వస్తాను. ఇది గోడమీది దీపం స్విచ్చి కాదు. ఇరవైనాలుగో నలభైఎనిమిదో కేబుళ్ళు గుచ్చుకునే పెట్టె. కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు, ప్రింటర్లు దానికి కలుస్తాయి. ఇవి పంపే సమాచారం చిన్నచిన్న ముక్కలుగా వస్తుంది. వాటిని ప్యాకెట్లు అంటారు. ప్రతి ప్యాకెట్టు మీదా కవరు మీద ఉన్నట్టే ఎక్కడికి వెళ్ళాలో రాసి ఉంటుంది. స్విచ్చి అది చదివి సరైన ద్వారం గుండా బయటికి పంపుతుంది. తపాలా వైపు పనిచేసిన మిత్రులకు సార్టింగు అంటే చాలు, అర్థమైపోతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇరవై ద్వారాల నుంచి వచ్చినవన్నీ ఒకే ద్వారం గుండా బయటికి పోవాల్సి వచ్చినప్పుడు. ఎక్స్చేంజిలో సబ్‌స్క్రయిబర్లు వందలు, ట్రంకు సర్క్యూట్లు నాలుగు అన్నట్టు. ఆ క్షణంలో మిగిలినవి ఆగాలి. ఆగడానికి కాస్త జ్ఞాపకశక్తి కేటాయిస్తారు. దాన్ని బఫరు అంటారు. అదే వెయిటింగ్ రూము. అది కూడా నిండిపోతే ఆ తర్వాత వచ్చిన ప్యాకెట్టును స్విచ్చి పారేస్తుంది. చెత్తబుట్టలోకే.

ఇలాంటి వెయిటింగ్‌కు లెక్కలు కట్టడం మొదలైందే మన టెలిఫోన్ ఎక్స్చేంజిలో. డెన్మార్కులో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ గారు 1909లోనే టెలిఫోన్ కాల్స్ రాకడ మీద సిద్ధాంతం రాశారు. ట్రాఫిక్‌ను ఎర్లాంగుల్లో కొలవడం శిక్షణలో మనకు నేర్పారు కదా, ఆయన పేరే అది.

ఇప్పుడు స్విచ్చి ముందున్న దారులు చూద్దాం. మొదటిది అందరికీ తెలిసిందే. ముందొచ్చినది ముందు పోతుంది. చూడడానికి న్యాయంగా ఉంటుంది. కాని ప్యాకెట్లన్నీ ఒక రకం కావు. ఫోనులో మాట సాధారణంగా 20 మిల్లీసెకండ్ల ముక్కలుగా వెళుతుంది, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. నోటి నుంచి అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకండ్ల లోపే పడితే సంభాషణ హాయిగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ సిఫారసు. ఒక సినిమా ఫైలు కాపీ అవుతుంటే దానికి అర సెకను ఆలస్యం ఒక లెక్క కాదు. అదే అర సెకను మాటలో వస్తే ఇద్దరూ ఒకేసారి "హలో, హలో" అంటూ ఉంటారు. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు మనందరికీ అనుభవమే.

అందుకని రెండో దారి, ముద్ర వేయడం. 1998లో వచ్చిన ప్రమాణాల్లో దీనికి స్థానం కల్పించారు. 802.1పి అనే పద్ధతిలో ప్యాకెట్టుకు 0 నుంచి 7 దాకా ఎనిమిది తరగతుల్లో ఒక అంకె వేయవచ్చు. ఇంకో పద్ధతిలో 64 అంకెలున్నాయి. అందులో ఫోన్ మాటకు సాధారణంగా 46 వేస్తారు. ఒక తమాషా చూడండి. ఎనిమిది తరగతుల్లో అన్నిటికంటే కింది తరగతి 0 కాదు, 1. ఏ ముద్రా లేని మామూలు ప్యాకెట్టుకు 0. "నాకేం తొందర లేదు, ఎప్పుడైనా ఫరవాలేదు" అని తానే చెప్పుకున్న దానికి 1. అడగకుండా ఊరుకున్నవాడి కంటే, ఆగుతానన్నవాడు వెనక.

ముద్రను బట్టి స్విచ్చి ప్యాకెట్లను వేరువేరు వరుసల్లో నిలబెడుతుంది. ఇక ఏ వరుస నుంచి ఎప్పుడు తీయాలి అన్నదే అసలు ప్రశ్న. దీన్నే క్యూ షెడ్యూలింగ్ అంటారు.

అన్నిటికంటే తేలికైన సూత్రం ఇది: పై వరుసలో ఒక్కటున్నా ముందు దాన్నే పంపు, పై వరుస పూర్తిగా ఖాళీ అయితేనే కింది వరుస చూడు. లైట్నింగు, అర్జెంటు, ఆర్డినరీ, అచ్చం మన పద్ధతే. దీనివల్ల మాట తెగకుండా పోతుంది. కాని పై వరుస ఎప్పటికీ ఖాళీ కాకపోతే? కింది వరుసకు వంతు రాదు. ఆలస్యం కావడం కాదు, అసలే రాదు. దీనికి ఇంజనీర్లు పెట్టుకున్న ఇంగ్లీషు మాటకు అర్థం తిండి లేక మాడిపోవడం. మా మనవడు ఈ మాట చెప్పినప్పుడే గోడవారన కూర్చున్న ఆ పెద్దాయన నా కళ్ళముందుకు వచ్చాడు.

మరి దీనికి విరుగుడు? తరగతులు ఎత్తివేయడమా? కాదు. ఎత్తివేస్తే మందుల కాల్ కూడా పెళ్ళివాయిదా కాల్ వెనక నిలబడాలి. విరుగుడు వంతులవారీ పద్ధతి. ఒక్కో వరుస నుంచి ఒక్కొక్కటి తీస్తూ చుట్టూ తిరగడం. 1985లో జాన్ నేగల్ అనే ఇంజనీరు నెట్‌వర్కుల కోసం ఇలాంటి ఆలోచన రాశారు. 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ అనే ముగ్గురు దాన్ని లెక్కలతో గట్టిపరిచారు. అందరికీ సమానంగా కాక బరువులు కూడా వేయవచ్చు. మూడు వరుసలకు 4, 2, 1 అని వేశామనుకోండి. ఒక చుట్టులో పైవాడికి నాలుగు వంతులు, మధ్యవాడికి రెండు, కిందివాడికి ఒకటి. పైవాడు ఎంత గోల పెట్టినా ఏడింటిలో ఒక వంతు కిందివాడిదే. పైగా పైవాడికి పంపేదేమీ లేకపోతే ఆ వంతు ఊరికే పోదు, ఉన్నవాళ్ళు వాడుకుంటారు. బస్సులో కేటాయించిన సీటు ఖాళీగా ఉంటే నిలబడ్డవాడు కూర్చున్నట్టు.

ఇక్కడ ఇంకో చిన్న మోసం ఉంది. ప్యాకెట్లన్నీ ఒక సైజువి కావు. స్విచ్చిలో చిన్నది 64 బైట్లు ఉంటే పెద్దది 1518 బైట్ల దాకా ఉంటుంది, దాదాపు ఇరవైనాలుగు రెట్లు. ఒక్కొక్కరికి ఒక్కో ప్యాకెట్టు అంటే పెద్ద ప్యాకెట్లవాడు ఒక్క వంతులోనే ఇరవైనాలుగు మంది చోటు తినేస్తాడు. మూడు నిమిషాల హద్దు లేకుండా కాల్స్ కలిపి, అందరికీ ఒక్కో కాల్ ఇచ్చాం కదా అన్నట్టుంటుంది.

దీనికి 1995లో ఎం. శ్రీధర్, జార్జ్ వర్గీస్ అనే ఇద్దరు ఒక చక్కని ఉపాయం చెప్పారు. వర్గీస్ గారు మన బొంబాయి ఐ.ఐ.టి.లో చదువుకున్నవారే. ఆ ఉపాయాన్ని డెఫిసిట్ రౌండ్ రాబిన్ అంటారు. పాస్‌బుక్కు లెక్క అనుకోండి. చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక్కో వరుస ఖాతాలో 500 బైట్లు జమ చేస్తారు. ముందున్న ప్యాకెట్టు 1200 బైట్లయితే మొదటి చుట్టులో ఖాతాలో 500, చాలదు, ఆగాలి. రెండో చుట్టులో 1000, ఇంకా చాలదు. మూడో చుట్టులో 1500, పంపవచ్చు, ఇంకా 300 నిలవ. పక్క వరుసలో 100 బైట్ల చిన్న ప్యాకెట్లుంటే చుట్టుకు ఐదు చొప్పున పోతూనే ఉంటాయి. మూడు చుట్లు తిరిగేసరికి ఇద్దరికీ దక్కింది 1500 బైట్ల హక్కే. పెద్దదని తొక్కేయలేదు, చిన్నదని తొక్కించలేదు. ఈరోజు దక్కనిది రేపటి లెక్కలో కలుస్తుంది. అయితే వరుస ఖాళీ అయిపోతే ఖాతా సున్నా. పని లేనప్పుడు కూడబెట్టుకుని తర్వాత అందరి మీదా పడడానికి వీల్లేదు.

ఇప్పుడు చాలాచోట్ల ఈ రెండు పద్ధతులూ కలిపి వాడతారు. మాట వరుసకు పూర్తి ప్రాధాన్యం ఇస్తారు, కాని దానికొక హద్దు పెడతారు. ఉదాహరణకు లైనులో మూడోవంతుకు మించి వాడుకోరాదని. మిగిలిన వరుసల మధ్య బరువుల ప్రకారం వంతులు. అత్యవసరానికి దారి ఉంది, సామాన్యుడికి భరోసా ఉంది.

రెండు జాగ్రత్తలు మా మనవడు గట్టిగా చెప్పాడు. మొదటిది, ముద్ర ఎవరు వేయాలి? ఎవరి ప్యాకెట్టు మీద వాళ్ళే వేసుకోనిస్తే అందరూ 46 వేసుకుంటారు. కాబట్టి నమ్మకం లేని ద్వారం నుంచి వచ్చిన ముద్రను స్విచ్చి చెరిపేసి, తానే కొత్త ముద్ర వేసేలా అమరుస్తారు. మనకూ చీటీ మీద తరగతి రాసింది ఆపరేటరే కదా. రెండోది, ప్రాధాన్యం వల్ల లైను వెడల్పు కాదు. ఒకరిని ముందుకు పంపామంటే ఇంకొకరిని వెనక్కు నెట్టామనే అర్థం. రోజంతా రద్దీగా ఉంటే కావాల్సింది కొత్త సర్క్యూటు. తరగతులు ఎన్ని పెంచినా లాభం లేదు.

ఇంట్లో పనికొచ్చే మాట కూడా ఒకటి చెబుతాను. పిల్లలతో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ బిగుసుకుపోతే, ఆ సమయంలో మీ ఫోనో ఇంకొకరి ఫోనో ఫొటోలన్నిటినీ పైకి పంపుతోందేమో చూడండి. ఇంటినుంచి బయటికి పోయే దారి ఇరుకైతే ఆ ఫొటోల వెనక మీ మాట ఇరుక్కుంటుంది. మాట్లాడినంతసేపు దాన్ని ఆపితే చాలు. కొన్ని రౌటర్లలో ఈ ప్రాధాన్యం పెట్టుకునే వీలుంది, మనవళ్ళను అడగండి. కాని ఆ ముద్ర మీ ఇంటి గడప దాటాక అవతలివాళ్ళు గౌరవిస్తారన్న హామీ లేదు.

చివరగా నేను ఇదంతా ఇక్కడ ఎందుకు చెప్పానంటే, వరుసలు మన జీవితంలో ఇంకా అయిపోలేదు. లైఫ్ సర్టిఫికెట్టు సంగతే చూడండి. 80 ఏళ్ళు దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చని 2019లో ఉత్తర్వు వచ్చింది. పెద్దవాళ్ళకు వేరే వరుస ఇచ్చారు, మిగతావాళ్ళ వంతు తీసేయలేదు. మంచి షెడ్యూలింగ్ అంటే అది.

మరి మన సంఘం సహాయ కేంద్రంలో? నేను వారానికి రెండు రోజులు అక్కడ కూర్చుంటున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. ఆసుపత్రిలో ఉన్నవారి బిల్లు ముందు చూస్తాం. అది సరైనదే. కాని ఫోన్ చేసినవారివి, కార్యవర్గంలో తెలిసినవారున్నవారివి కూడా అదే కట్టలో చేరుతున్నాయి. పోయిన నెల అలమరలో అడుగున ఒక ఫ్యామిలీ పెన్షను దరఖాస్తు దొరికింది. ఏడు నెలల నాటిది. ఆమె ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. దాని పైన కాగితాలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ కాగితం చేతిలో పట్టుకుంటే 1977 నాటి చీటీ పట్టుకున్నట్టే అనిపించింది.

అందుకని ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. అత్యవసరం అన్న ముద్ర కాగితం చూసి మనం వేయాలి. ఎవరు ఫోన్ చేశారన్నది చూడరాదు. అత్యవసర కాగితాలు నాలుగు అయ్యాక, ఇంకా ఎన్ని ఉన్నా సరే, అన్నిటికంటే పాత మామూలు కాగితం ఒకటి తీయాలి. నాలుగుకు ఒకటి. దీనివల్ల ఆసుపత్రిలో ఉన్నవారికి ఒక్క కాగితం ఆలస్యం, అంతే. ఆ రోజు మా బోర్డు మీద పది అర్జెంట్లకు ఒక ఆర్డినరీ అన్న నియమం ఉన్నా, మొదటి రోజు కాకపోయినా రెండో రోజుకైనా ఆ పెద్దాయన మాట భిలాయి చేరేది. ఏ మందుల కాలూ కాసిని నిమిషాలకు మించి ఆగేది కాదు.

ఆయన అడిగిన ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. మన కేంద్రానికి వచ్చి ఎవరైనా అదే ప్రశ్న అడిగితే, "మీ వంతు ఉంది, ఫలానా రోజుకు వస్తుంది" అని చెప్పగలగాలి. అధ్యక్షుల వారు ఈ ప్రతిపాదనను ఈరోజే ఓటుకు పెట్టాలని కోరుతున్నాను.